వాళ్ళ మాట ముందు, మన జవాబు తర్వాత

(కాలేజీ విద్యార్థులకు, గ్రామ సంఘాల కార్యకర్తలకు జరిగిన రాత శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ రాత గురించి మాట్లాడుకుందాం. పాట రాయడం, గోడమీద నినాదం రాయడం మనవాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో రాయించే రాత ఇంకొకటుంది. ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్ పేపరు, పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం - ఆ రాత గురించి మాట్లాడుకుందాం. వెనక వరసలో కూర్చున్న పెద్దలు "దీంతో మాకేం పని?" అనుకోవచ్చు. పని ఉంది. మన కూలి గురించి, మన భూమి గురించి, మన పిల్లల చదువు గురించి ఎక్కడో ఎవరో రాసిన వ్యాసమే రేపు కమిటీ రిపోర్టులోకి ఎక్కుతుంది. రిపోర్టు జీవో అవుతుంది. జీవో మన గుమ్మం దాకా వస్తుంది. ఆ రాతలో మన మాట లేకపోతే మనల్ని గురించి పరాయివాడి మాటే నిజమై నిలుస్తుంది.

మన పిల్లలు యూనివర్సిటీ గడప తొక్కారు. ఈ దేశంలో కులం గురించి రాయాలంటే వాళ్ళ దగ్గరున్న సరుకు ఇంకెవరి దగ్గరా లేదు. అయినా రాసిన పేపరు తిరిగొస్తుంది. మార్జిన్లో ఎర్ర సిరాతో ఒకే ముక్క: "ఆవేశం ఎక్కువ, వాదన తక్కువ." ఏం తక్కువైందో చెప్పరు, ఎట్లా రాస్తే వాదన అవుతుందో చెప్పరు. పక్క బెంచీలో కూర్చున్నవాడికి ఒకరు చెప్పే పనిలేదు. వాళ్ళ తాత రాశాడు, తండ్రి రాశాడు, అన్నం తింటూ ఆ మాటలు విని పెరిగాడు. మన పిల్ల అన్నం తింటూ విన్నది కలుపు కూలి ఎంతిస్తారన్న మాట, రేషను బియ్యం ఎప్పుడొస్తాయన్న మాట. ఇక్కడ తేడా తెలివిలో లేదు. ఒకరింట్లో చెప్పకుండానే అందే ఒడుపు ఇంకొకరింట్లో అందలేదు, అంతే. అందనిదాన్ని బాహాటంగా నేర్పితే సరిపోతుంది. టీచర్లుగా మేము చేయాల్సిన పని అదే.

ఆ ఒడుపు ఏంటంటే - పండితుల రాత అంటే ఒంటరి ఉపన్యాసం కాదు, నలుగురి మధ్య నడిచే మాట. మనం కలం పట్టకముందే అక్కడ కొందరు మాట్లాడుతున్నారు. వాళ్ళేమంటున్నారో ముందు చెప్పాలి. దానికి మనమేమంటున్నామో తర్వాత చెప్పాలి. మన పేపరులో రెండోది ఉంటుంది, మొదటిది ఉండదు. జవాబు గట్టిగానే ఉంటుంది, ప్రశ్న ఎవరడిగారో కనపడదు. చదివేవాడికి అది ఉత్తి కోపంలాగా వినిపిస్తుంది.

ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. పల్లెలో తగువు తీర్చే పెద్దమనిషిని చూడండి. తీర్పు చెప్పేముందు ఏం చేస్తాడు? "ఇదిగో అబ్బాయ్, నువ్వు చెప్పేది ఇదే గదా?" అని వాడి మాట వాడికి తిరిగి అప్పజెప్తాడు. వాడు "అవును, అదే" అన్నాకే ముందుకు పోతాడు. ఊరి రచ్చబండ మీద మనల్ని కూర్చోనియ్యలేదు గానీ, మన పల్లెలో మనం నడుపుకున్న పంచాయతీలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. దాన్ని కాయితం మీదికి తేవడమే మిగిలింది.

చట్రం అంటే ఏంటి?

అమెరికాలో చికాగో నగరంలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జెరాల్డ్ గ్రాఫ్, క్యాథీ బిర్కెన్‌స్టైన్ అనే ఇద్దరు 2006లో ఒక పుస్తకం వేశారు. దాని పేరే "వాళ్ళంటారు, నేనంటాను" అన్న అర్థం వచ్చేట్టు పెట్టారు. వాళ్ళు చేసింది సులువైన పని. చేయి తిరిగిన రచయితలు పదేపదే వాడే వాక్యాల ఎముకలగూడును బయటికి తీసి, మధ్యలో ఖాళీలు వదిలి, "ఇదిగో, నింపుకోండి" అని పిల్లల చేతికిచ్చారు. అదే చట్రం.

చట్రాలు మనకు కొత్తా? మండలాఫీసు ముందు చెట్టుకింద కూర్చుని అర్జీలు రాసిపెట్టే ఆయన దగ్గర ఉన్నది చట్రమే. పైన ఎవరికి రాస్తున్నామో, తర్వాత విషయం, తర్వాత జరిగింది, చివర్లో కోరేది. ఆ వరస తెలియక మన పెద్దవాళ్ళు డబ్బులిచ్చి రాయించుకున్నారు. తెలిసినరోజున మనమే రాసుకున్నాం. డప్పు నేర్చుకునే పిల్లవాడికి మొదటిరోజే సొంతంగా వాయించమని ఎవరూ చెప్పరు. ముందు దరువు నేర్పుతారు. దరువు చేతికొచ్చాక వాడి సొంత వాయింపు దానంతటదే వస్తుంది.

మన సాహిత్యంలోనే చూడండి. 1920ల తొలినాళ్ళలో గరిమెళ్ళ సత్యనారాయణ గారు "మాకొద్దీ తెల్లదొరతనము" అని పాట కట్టారు. ఊరూరా పాడారు. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న గారు ఆ పల్లవి చట్రాన్నే తీసుకుని, ఒక్క మాట మార్చి, "మాకొద్దీ నల్లదొరతనము" అన్నారు. ఆ ఒక్క మాట మార్పుతో ఎంత వాదన నడిచిందో చూడండి. తెల్లవాడి పెత్తనం అన్యాయమని మీరే అంటున్నారు. మరి ఊళ్ళో మామీద సాగే మీ పెత్తనం సంగతేంటి? ఎదుటివాడి మాట వినిపిస్తూనే జవాబూ వినిపించింది. 1941లో జాషువా గారు "గబ్బిలం" అచ్చువేశారు. దూతతో కబురు పంపే కావ్యం కాళిదాసు "మేఘసందేశం" నాటి చట్రం. అందులో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, జాషువా గారి అస్పృశ్యుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపాడు. చట్రం పాతది, కడుపుమంట కొత్తది. చట్రం వాడినందుకు ఆయన్ని అనుకర్త అన్నవాళ్ళెవరైనా నిలిచారా?

బాబాసాహెబ్ ఎట్లా రాశారు?

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడి సెమినారులో అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద పేపరు చదివారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఇవాళ మన ఎమ్మే పిల్లల కంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. కులం నొప్పి ఒంటిమీద మోసినవాడు. కావాలంటే మొదటి వాక్యంలోనే నిప్పులు కురిపించగలడు. ఆయన చేసిందేంటి? అప్పటికి కులం గురించి రాసిన నలుగురిని వరసగా కూర్చోబెట్టారు - ఫ్రెంచి పండితుడు సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, మన దేశస్థుడు కేత్కర్. నలుగురూ ఇచ్చిన నిర్వచనాలను వాళ్ళ మాటల్లోనే ఎదురుగా పెట్టారు. తర్వాత ఒక్కొక్కటే తూకం వేశారు.

మైల అన్నది కులానికి గుర్తు అని సెనార్ట్ అంటే, అది పూజారి కులం పైన ఉండటం వల్ల వచ్చిన లక్షణమే గానీ కులానికి ప్రాణం కాదన్నారు. బయటివాళ్ళతో కలిసి తినకపోవడమే కులమని నెస్‌ఫీల్డ్ అంటే, ఆయన ఫలితాన్ని చూసి కారణమనుకున్నాడని అన్నారు. రిస్లీ చెప్పినదాంట్లో ప్రత్యేకించి చూడాల్సింది లేదని పక్కన పెట్టారు. కేత్కర్ దగ్గర ఆగి, ఈయన చాలా దూరం వచ్చాడని మెచ్చుకున్నారు. కేత్కర్ రెండు లక్షణాలు చెప్పాడు - పుట్టుకతోనే సభ్యత్వం, బయట పెళ్ళిళ్ళ నిషేధం. ఈ రెండూ ఒకే నాణానికి రెండు ముఖాలని అంబేద్కర్ చూపించారు. బయట పెళ్ళి వద్దంటే పుట్టినవాళ్ళే లోపల మిగులుతారు గదా! అక్కణ్ణించి తన మాటకు వచ్చారు: కులం గుట్టంతా కులంలోపలే పెళ్ళి చేసుకోవడంలో ఉంది. చివర్లో, తన సిద్ధాంతం నిలవదని ఎవరైనా రుజువు చేస్తే వదులుకోవడానికి సిద్ధమని కూడా చెప్పారు. నలుగురి భుజాల మీదుగా నడిచి వచ్చిన మాట గనుకే నూరేళ్ళు దాటినా దాన్ని పక్కకు నెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఇంకొకటి వినండి. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ప్రసంగ పాఠం చూసి భయపడి సభే మానేశారు. "కుల నిర్మూలన" అట్లా పుస్తకమైంది. గాంధీగారు తన "హరిజన్" పత్రికలో దాన్ని విమర్శిస్తూ రాశారు. 1937లో రెండో ముద్రణ వేసేటప్పుడు అంబేద్కర్ ఏం చేశారో తెలుసా? గాంధీగారి విమర్శను పుస్తకంలోనే అచ్చువేసి, దాని వెనక తన జవాబు వేశారు. మతాన్ని అందులోని చెడ్డవాళ్ళతో కాక మంచివాళ్ళతో తూచాలని గాంధీగారి వాదం. అంబేద్కర్ ఆ మాట ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మరి మంచివాళ్ళు ఇంత కొద్దిమంది, చెడ్డవాళ్ళు ఇంతమంది ఎందుకయ్యారని అడిగారు. "అవును, అయితే" అనే రెండు మాటల బలం అది. దానికంటే పెద్ద దెబ్బ తిట్టులో ఉంటుందా?

ఆరు చట్రాలు

ఇప్పుడు నోటు పుస్తకాలు తీయండి.

ఒకటి, ఎదుటివారి మాట చెప్పడానికి: "ఫలానా విషయంలో ఫలానావారు ........ అని వాదిస్తున్నారు. అందుకు వారు చూపే కారణం ........"

రెండు, కాదనడానికి: "ఈ వాదన నిలవదు. ఎందుకంటే ........"

మూడు, కొంత ఒప్పుకుని కొంత విభేదించడానికి: "........ వరకు వారి మాట నిజమే. అయితే ........ సంగతిని వారు లెక్కలోకి తీసుకోలేదు."

నాలుగు, ఒప్పుకుంటూనే కొత్తది చేర్చడానికి: "వారు చెప్పినదానికి మా ఊరి నుంచి ఇంకో రుజువు ఉంది. అది ........"

ఐదు, రాబోయే ప్రశ్నను ముందే పిలవడానికి: "ఇక్కడ ఎవరైనా ........ అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ........" బుర్రకథలో వంత పాడేవాడు మధ్యలో అడ్డుపడి ప్రశ్న వేస్తాడు చూడండి, ఆ పని ఇక్కడ మనమే చేసుకోవాలి.

ఆరు, "అయితే ఏంటట?" అన్నవాడికి చెప్పడానికి: "ఈ సంగతి తేలితే ........ విషయంలో ........ మారుతుంది."

ఈ ఆరింటితో పాటు మన తెలుగులో రెండు జాగ్రత్తలు. మన భాషలో "అని" చివర్న వస్తుంది. ఎదుటివాడి వాదన నాలుగు వాక్యాలు రాసి చివర్న "అని ఫలానావారు అంటారు" అంటే, చదివేవాడు ఆ నాలుగు వాక్యాలూ మన మాటే అనుకుని చదువుతాడు. అందుకని మనిషి పేరు ముందు పెట్టండి. రెండోది "ట". "రిజర్వేషన్లతో ప్రతిభ పోతుందట" అని రాశామనుకోండి. ఆ ఒక్క అక్షరంతో వాడి మాట ఎగతాళి అయిపోయింది. మీటింగులో చప్పట్లు పడతాయి. పరీక్ష పేపరులో మాత్రం, వాడి మాట విననే లేదన్న ముద్ర మనమీదే పడుతుంది. "అన్నారు", "వాదించారు", "ఒప్పుకున్నారు", "ఆరోపించారు" - ఒక్కో క్రియకు ఒక్కో బరువుంది. ఎవరు ఏం చేశారో దానికి తగ్గ క్రియే వాడాలి.

ఒక పేరా నింపి చూద్దాం.

"రిజర్వేషన్ల వల్ల ఉద్యోగాల్లో సమర్థత తగ్గుతుందని పలువురు వాదిస్తున్నారు. తక్కువ మార్కులతో వచ్చినవారు తక్కువ పని చేస్తారన్నది వారు చూపే కారణం. ప్రభుత్వ సంస్థలు సమర్థంగా పనిచేయాలన్న వారి కోరిక న్యాయమైనదే. పనిచేయని ఆఫీసు వల్ల ముందు నష్టపోయేది పేదవాడే. అయితే మార్కులు తగ్గితే పని తగ్గుతుందన్నది రుజువు చేయవలసిన సంగతి. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వేల లెక్కలు పరిశీలించి 2014లో ప్రచురించారు. పై తరగతి ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీల వాటా పెరిగినందువల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. ఇక్కడ ఎవరైనా, రైల్వే సంగతి ఆస్పత్రికి వర్తిస్తుందా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందుకే అట్లాంటి లెక్క ప్రతి శాఖలోనూ తీయాలి. లెక్క తీయకుండా తీర్పు చెప్పడం సరికాదు."

చూడండి. ఇందులో కోపం ఎక్కడికీ పోలేదు, అడుగున కుదురుగా ఉంది. "ఆవేశం ఎక్కువ" అని ఎర్ర సిరా పెట్టడానికి మాత్రం చోటు లేదు.

మన అనుభవం ఎక్కడ?

"ఎంతసేపూ వాళ్ళేమన్నారు, వీళ్ళేమన్నారు అంటున్నారు. మరి మేం పడినది లెక్కలోది కాదా?" అని ఒక చెల్లెలు అడుగుతుంది. లెక్కలోదే తల్లీ. దాన్ని పెట్టే చోటు తెలియాలి. గొర్రు సాళ్ళు వేస్తుంది, విత్తనం మనదే.

బడిలో మధ్యాహ్న భోజనం తీసుకుందాం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బళ్ళలో వండిన అన్నం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలంతా ఒకే వరసలో కూర్చుని తింటే కులం పట్టు సడలుతుందని చాలామంది రాశారు. మన పిల్ల ఆ మాటను కొట్టిపారెయ్యక్కర్లేదు. మూడో చట్రం తీసుకోవాలి. "ఒకే వరసలో కూర్చోవడం వరకు వారి మాట నిజమే. అయితే వండేది ఎవరన్న సంగతిని వారు లెక్కలోకి తీసుకోలేదు." అప్పుడు తన ఊరి సంగతి రాయాలి. వంటకు ఎవరిని పెట్టారు, దళిత స్త్రీ వండితే ఎవరి పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు, ఎన్నాళ్ళు తెచ్చుకున్నారు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే, ఆ ప్రశ్న ఎంత నిజమైనదో తెలుస్తుంది. ఇట్లా పెడితే మన అనుభవం ఏడుపులాగా ఉండదు. పండితులు వదిలేసిన ఖాళీని పూడ్చే సాక్ష్యంలాగా ఉంటుంది. ఆ ఖాళీ ఎక్కడుందో చూపాలంటే ముందు వాళ్ళు రాసింది చదివి, చెప్పక తప్పదు.

రెండు అభ్యంతరాలు

ఐదో చట్రం మనమీద మనం వాడుకుందాం. మొదటి అభ్యంతరం: "చట్రాలిస్తే పిల్లలంతా ఒకే మూసలో రాస్తారు, చిలకపలుకులు పలుకుతారు." ఈ భయం ఉత్తుత్తిది కాదు. గైడు పుస్తకం బట్టీకొట్టి రాసే చదువు మనకు తెలుసు. పరీక్షలో అందరూ ఒకే వ్యాసం రాయడం ఏటా చూస్తున్నాం. అయితే గైడు ఇచ్చేది సరుకు. అందులో ఆలోచన కూడా ఎవరిదో. చట్రంలో ఖాళీ ఉంటుంది, దాన్ని నింపాలంటే చదవాలి, ఆలోచించాలి. "........ సంగతిని వారు లెక్కలోకి తీసుకోలేదు" అన్న ఖాళీని చదవనివాడు నింపలేడు. ఇంకొకరి వాక్యాలు పేరు చెప్పకుండా ఎత్తిరాయడం మాత్రం దొంగతనమే. యూజీసీ 2018లో దానికి నిబంధనలు పెట్టింది, శిక్షలూ పెట్టింది. కనుక ఎవరి మాట వాళ్ళ పేరుతో చెప్పండి. చెయ్యి తిరిగాక చట్రాన్ని విరిచెయ్యండి, మాకు సంతోషమే.

రెండో అభ్యంతరం మన సంఘాల్లోంచే వస్తుంది. "వేల ఏళ్ళు వాళ్ళ మాటే విన్నాం. ఇప్పుడు మన కాయితం మీద కూడా వాళ్ళ మాటకు చోటివ్వాలా?" ఈ మాటలో దెబ్బతిన్న గుండె ఉంది. దీన్ని తేలిగ్గా తీసేయలేం. ఒక హద్దు మాత్రం ముందే గీద్దాం. తిట్టు అభిప్రాయం కాదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఎత్తిన గొడ్డళ్ళు వాదనలు కావు. వాటికి "కొంతవరకు నిజమే" అనే చట్రం వర్తించదు. అక్కడ రాయాల్సింది ఎఫ్‌ఐఆర్. వాదన అని చెప్పుకుని వచ్చినదాన్ని మాత్రం వాదనగానే పట్టుకోవాలి. దాని మాటను దానికే కట్టేస్తే ఇక జారిపోలేదు. బౌద్ధ సుత్తాల్లో అస్సలాయనుడనే బ్రాహ్మణ యువకుడు బుద్ధుడి దగ్గరికి వస్తాడు. బ్రాహ్మణులు బ్రహ్మ నోట్లోంచి పుట్టారు గనుక వారే శ్రేష్ఠులని వాళ్ళు అంటారని చెప్తాడు. బుద్ధుడు ఆ మాటను పూర్తిగా వింటాడు. తర్వాత, బ్రాహ్మణ స్త్రీలు కూడా అందరు ఆడవాళ్ళలాగే గర్భం మోసి, కని, పాలిస్తారు గదా అని అడుగుతాడు. ఆ కుర్రవాడు కాదనలేడు. పూర్తిగా వినబట్టే ఆ ఒక్క ప్రశ్న అంత లోతుకు దిగింది.

మన ఇంట్లో కూడా

చివరిగా అసలు కష్టమైన చోటికి వద్దాం. దొర మాటను న్యాయంగా చెప్పడం ఒక ఎత్తు, సొంత అన్నదమ్ముడి మాటను న్యాయంగా చెప్పడం ఇంకో ఎత్తు. 1994లో దండోరా మొదలైన దగ్గర్నుంచి వర్గీకరణ మీద ఎన్ని కరపత్రాలు వచ్చాయో లెక్కలేదు. 2004లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని తీర్పిచ్చింది. ఈ ముప్పై ఏళ్ళలో ఒక పల్లె రాసిన కరపత్రంలో రెండో పల్లె వాదన ఉన్నదున్నట్టు కనపడిన సందర్భాలు బహు అరుదు.

ఇవాళ ఇక్కడ రెండు పల్లెల పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ అభ్యాసం ఇస్తున్నాం. మాదిగ పల్లె పిల్లలు ఈ వాదన రాయండి: "అంటరానితనం అందరికీ ఒకటే, రాజ్యాంగం 341వ అధికరణం కింద జాబితా ఒకటే, విడదీస్తే ఐక్యత దెబ్బతింటుంది." మాల పల్లె పిల్లలు ఈ వాదన రాయండి: "జాబితా ఒకటైనా ఫలం అందరికీ సమంగా అందలేదు, బాగా వెనకబడ్డ కులానికి దాని వాటా విడిగా దక్కితేనే న్యాయం." కారణాలతో సహా, "ట" పెట్టకుండా రాయండి. తర్వాత కాయితాలు మార్చుకోండి. "అవును, మా మాట ఇదే" అని అటువాళ్ళు సంతకం పెడితేనే మీ జవాబు మొదలుపెట్టాలి. సంతకం రాకపోతే మళ్ళీ రాయాలి. తీర్పు కోర్టు ఇచ్చింది. తెగిపోయిన మాటల్ని కలపడం కోర్టు పని కాదు, మన పని.

ఊళ్ళకు పోయాక ఒక పని పెట్టుకోండి. వారానికి ఒకరోజు అంబేద్కర్ సంఘం గదిలోనో, చర్చి వరండాలోనో కూర్చోండి. పేపరులో మనకు వ్యతిరేకంగా వచ్చిన ఒక వ్యాసం తీసుకోండి. చదువురాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు చెప్పే జవాబు ఈ ఆరు చట్రాల్లో రాయండి. కూలికి పోయే అమ్మ ఇచ్చే జవాబు ఏ ప్రొఫెసరు పేపరులోనూ దొరకదు. దాన్ని ఎవరూ తోసెయ్యలేని రాతగా మార్చడం చదువుకున్న పిల్లల బాధ్యత.

మన తాతల వేలిముద్రలు పడిన కాయితాల్లో ఏం రాసుందో వాళ్ళకు తెలియదు. మన మీద రాసినవన్నీ ఇవాళ మనం చదవగలం. చదివినదానికి జవాబు రాయడం ఇప్పుడు మొదలుపెడదాం. కాయితాలు పంచుతున్నాం, అందుకోండి. జై భీమ్.